మానుకోట దారిన ప్రపంచ యాత్ర: బిషప్ అజరయ్య ప్రయాణాలు – ఒక పరిశీలన

దేశాలు తిరిగి వచ్చిన వాళ్ళను మన ఊళ్ళలో గొప్పగా చూస్తారు. ఎక్కడెక్కడ తిరిగాడు, ఎన్ని రోజులున్నాడు, ఏమేం తిన్నాడు అని అడుగుతారు. మా నాయిన మాత్రం ఇంకొక మాట అడుగుతాడు: “అంత దూరం పోయొచ్చి, ఈడ ఏం మార్చిండు?” ఆయన వ్యవసాయదారుడు. ఎరువు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఆయనకు పట్టదు, చేనులో ఏం పండిందన్నదే లెక్క. ఆ లెక్కతోనే ఒక మహా యాత్రికుని జీవితాన్ని చూడాలన్నది ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మన మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్ కేంద్రంగా 32 ఏళ్ళు బిషప్పుగా పనిచేశారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. సిలోను, జపాను, స్కాట్లండు, ఇంగ్లండు, స్విట్జర్లండు – ఇన్ని దేశాల గడ్డ తొక్కిన మనిషి. అయినా జీవితంలో ఎక్కువ భాగం ఎడ్లబండి మీద మన ప్రాంతపు మట్టిబాటల్లోనే గడిపారు. రైల్లో డోర్నకల్ జంక్షన్ దాటిపోయే మన విద్యార్థుల్లో ఎందరికి ఆయన సంగతి తెలుసు? చాలా మందికి తెలియదనే నా అనుమానం. ఆయన మతాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆయన ప్రయాణాల్లో చదువుకునే వాళ్ళు నేర్చుకోదగిన పాఠం ఒకటి ఉంది.

బాల్యం, చదువు

అజరయ్య తెలుగువారు కారు. తమిళనాట తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి పల్లెటూరి గురువు. 19వ శతాబ్దంలో అనేక అవమానాలకు గురైన నాడార్ కులం వారిది. 1889లో తండ్రి చనిపోగా తల్లి కష్టపడి చదివించింది. కాలేజీలో ఉండగానే కులభేదం పాటించని క్రైస్తవ విద్యార్థుల సంఘం పెట్టడానికి పూనుకున్నారు. ఆ రోజుల్లో క్రైస్తవుల్లోనూ కులాల వారీగా కూర్చునే అలవాటు ఉండేదని మనం గుర్తుంచుకోవాలి.

తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివారు. గణితం పరీక్ష సమయానికి జబ్బుపడ్డారు. ఆ పరీక్ష మళ్ళీ రాయలేదు, పట్టా రాలేదు. లెక్కల పేపరు అంటే గుండె దడ పుట్టే మన బి.ఎస్సీ. మిత్రులకు ఇది కొంత ఊరటనిచ్చే విషయమే! ఇదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అలాగని పరీక్షలు మానేయమని నేను చెప్పడం లేదు. పట్టా ఒక్కటే మనిషికి కొలబద్ద కాదని మాత్రమే మనవి.

1895 నుంచి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అంబు మరియమ్మాళ్‌తో వివాహమైంది. తరువాత డోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన పనిలో ఆమె పాలు చాలా ఉంది.

మొదటి పాఠం – జాఫ్నా

1902లో తన అమెరికన్ మిత్రుడు షెర్వుడ్ ఎడ్డీతో కలిసి అజరయ్య సిలోనులోని జాఫ్నా వెళ్ళారు. సముద్రం దాటినా పెద్ద దూరమేమీ కాదు, అక్కడ మాట్లాడేదీ తమిళమే. కానీ అక్కడ చూసిన ఒక సంగతి ఆయనను కుదిపివేసింది. జాఫ్నా తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బు పోగుచేసి, తమ మనుషుల్నే ఇండియాకు సేవకు పంపుతున్నారు. వాళ్ళకంటే సంఖ్యలో ఎంతో పెద్దదైన తిరునెల్వేలి సంఘం ఎప్పుడూ విదేశీ మిషనరీల వైపు చేతులు చాచి చూడడమే తప్ప, తానుగా ఎవరినీ పంపిన పాపాన పోలేదు.

చూసి ఊరుకోలేదు. తిరిగివచ్చి 1903 ఫిబ్రవరి 12న పాలయంకోటలో మిత్రులతో కలిసి ‘ఇండియన్ మిషనరీ సొసైటీ’ స్థాపించారు. మనుషులు మనవాళ్ళు, డబ్బు మనది, పెత్తనం మనదే – ఇదీ దాని నియమం. స్వదేశీ ఉద్యమం బెంగాలులో రాజుకున్నది 1905లో. అంతకు రెండేళ్ళ ముందే తిరునెల్వేలి మూల ఒక చిన్న సంఘం తనకు తెలిసిన రంగంలో స్వదేశీ సూత్రాన్ని పట్టుకున్నదంటే ఆశ్చర్యం కలుగుతుంది.

మరి పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఇక్కడే మన జిల్లా కథలోకి వస్తుంది. నిజాం రాజ్యంలో అప్పటివరకు మిషన్లు పెద్దగా అడుగుపెట్టని ప్రాంతంగా మానుకోట, డోర్నకల్ చుట్టుపక్కల పల్లెలను ఎంచుకున్నారు. మానుకోట అంటే నేటి మహబూబాబాదే. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద కాగితాల్లో మహబూబాబాదు అయింది గాని, మన నోళ్ళలో ఇప్పటికీ మానుకోటే. ఆ సొసైటీ పంపిన తొలి మిషనరీ శామ్యూల్ పాకియనాథన్ మానుకోట ప్రాంతానికి వచ్చి ముందు తెలుగు నేర్చుకున్నాడు. రైలుదారిన వేయి కిలోమీటర్ల పైచిలుకు దూరం, తెలియని భాష, వేరే రాజ్యం, వేరే నాణెం. ఇండియాలోనే అయినా ఇది పరదేశ ప్రయాణం కంటే తక్కువేమీ కాదు.

డోర్నకల్ అప్పుడు పేరున్న ఊరేమీ కాదు. 1880ల చివర నిజాం రైలు మార్గం బెజవాడ దాకా వేసినప్పుడు, ఇల్లందు దగ్గరి సింగరేణి బొగ్గు కోసం ఒక శాఖ ఇక్కణ్ణుంచి చీలింది. అలా జంక్షను అయింది. బొగ్గు తెచ్చిన దారినే ఈ తమిళ యువకులూ వచ్చారు. ఈనాడు అదే సింగరేణి బొగ్గు మన భూపాలపల్లి మిత్రుల ఇళ్ళలో అన్నం పెడుతోంది. మా ఊళ్ళో ‘బాయి’ అంటే నీళ్ళ బావి, భూపాలపల్లిలో ‘బాయి’ అంటే బొగ్గు గని. మాట ఒకటే, లోపలికి దిగే లోతు వేరు!

రెండవ పాఠం – టోక్యో

1907లో టోక్యోలో ప్రపంచ క్రైస్తవ విద్యార్థి సమాఖ్య మహాసభ జరిగింది. అజరయ్య భారత ప్రతినిధుల్లో ఒకరిగా వెళ్ళారు. జపాను 1905లో రష్యాను ఓడించి రెండేళ్ళయింది. ఆసియా దేశాల యువకులందరిలో ఒక కొత్త ఉత్సాహం పొంగుతున్న కాలం. జపానులో మతసంఘాలను, కళాశాలలను జపనీయులే నడుపుతున్నారు. విదేశీయులు పక్కన నిలబడి సాయం చేస్తున్నారు, అంతే. మన దేశంలో తలకిందుల వ్యవహారం: విదేశీయులు నడుపుతారు, మనవాళ్ళు పక్కన నిలబడతారు.

అజరయ్య అప్పటికే, 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో పుట్టిన జాతీయ మిషనరీ సంఘానికి కార్యదర్శి. టోక్యో ఆయన ఆలోచనకు బలం చేకూర్చింది. అయితే మన మనిషి నడపగలడని నమ్మడం ఒకటి, తానే దిగి నడపడం మరొకటి. వై.ఎం.సి.ఏ.లో మంచి హోదా, ఊరూరా పేరు. అదంతా వదిలి 1909లో గురుపట్టం తీసుకుని డోర్నకల్ మిషనరీగా వచ్చేశారు. 35 ఏళ్ళ వయసులో తెలుగు భాషలో కూడబలుక్కుంటూ పని ప్రారంభించారు. ఇంకొకరిని పొమ్మని పంపిన చోటికి తానే పోవడం అందరూ చేయగలిగే పని కాదు.

మూడవ పాఠం – ఎడింబరో

ఆ కాలంలో మన దేశం నుంచి ఓడ ఎక్కిన పెద్దలు కొందరున్నారు. వివేకానందుడు 1893 ఫిబ్రవరిలో సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో ఉపన్యసించి, అదే ఏడు షికాగో వెళ్ళారు. గాంధీజీ 1909 నవంబరులో లండను నుంచి దక్షిణాఫ్రికాకు తిరిగివస్తూ ఓడ మీదే ‘హింద్ స్వరాజ్’ రాశారు. ఆ మరుసటి ఏడే అజరయ్య స్కాట్లండు ప్రయాణం.

1910 జూన్ 14 నుంచి 23 దాకా ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. అధ్యక్షుడు అమెరికాకు చెందిన జాన్ ఆర్. మాట్. తరువాత 1946లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నది ఈయనే. దాదాపు 1,200 మంది ప్రతినిధులు. అందులో ఆసియా వాళ్ళు 20 మంది కూడా లేరు. ఎవరి దేశాలను గురించి మాట్లాడుకుంటున్నారో ఆ దేశాల వాళ్ళే సభలో లేరన్నమాట!

ఆ సభలో మాట్లాడవలసిందిగా అజరయ్యను అడిగారు. విదేశీ మిషనరీలకూ స్వదేశీ పనివారికీ మధ్య సహకారం – ఇదీ విషయం. వందనాలు చెప్పి, నాలుగు పొగడ్తలు కలిపి దిగిపోవచ్చు. పిలిచిన వాళ్ళు వాళ్ళే, ఖర్చు పెట్టిన వాళ్ళు వాళ్ళే, ఎదురుగా కూర్చున్న వాళ్ళూ వాళ్ళే. కానీ ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. మన దేశంలో మిషనరీకీ స్వదేశీ పనివాడికీ మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ మధ్య ఉండే సంబంధమేనని అన్నారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా ఇంటికి పిలిచి భోజనం పెట్టినవాళ్ళు, చేయి కలిపినవాళ్ళు అరుదన్నారు. మీ త్యాగాలను మా దేశం తరతరాలు తలుచుకుంటుందని ఒప్పుకున్నారు. చివరికి ఒక్కటే అడిగారు: మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి.

సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు సిగ్గుపడ్డారు. వంద సంవత్సరాలు దాటినా ఆ మహాసభ పేరెత్తినప్పుడల్లా ఆ ప్రసంగమే గుర్తు చేసుకుంటారు. డబ్బు అడగలేదు, ఆసుపత్రులు అడగలేదు, పదవులు అడగలేదు. ఆ సభలో అందరికంటే ఎక్కువ అడిగినవాడు మాత్రం ఆయనే. ఎందుకంటే డబ్బు ఇచ్చేవాడు ఇచ్చి కూడా పై మెట్టు మీదే ఉండగలడు. స్నేహం ఇవ్వాలంటే ఒక మెట్టు దిగిరాక తప్పదు.

వృక్షశాస్త్ర విద్యార్థిగా నాకు ఇక్కడ ఒక పోలిక తోస్తుంది. కంది, పెసర, పల్లికాయ మొక్కను పీకి చూస్తే వేర్లకు చిన్న చిన్న బుడిపెలు కనపడతాయి. వాటిలో రైజోబియం అనే బాక్టీరియా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది. మొక్క తాను ఆకుల్లో తయారుచేసిన చక్కెరలను దానికి ఇస్తుంది. పప్పుజాతి పంట వేసిన చెలక మరుసటి ఏడు బలంగా ఉంటుందని మా తాతకు పుస్తకం చదవకుండానే తెలుసు. ఇది సహజీవనం. బంగారు తీగ కూడా మొక్కను అంటిపెట్టుకునే ఉంటుంది, కానీ పీల్చుకోవడమే తప్ప ఇవ్వడం ఉండదు. అది పరాన్నజీవనం. కలిసి ఉన్నంత మాత్రాన సహకారం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి. ఇచ్చేవాడు తనకు కూడా ఏదో అందుతున్నదని ఒప్పుకోవాలి. ఎడింబరోలో అజరయ్య చెప్పిన దాని సారాంశం ఇదేనని నా అభిప్రాయం.

డోర్నకల్ – ప్రయాణాలకు పరీక్ష

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెంట్ పాల్స్ కథెడ్రల్‌లో అజరయ్యకు బిషప్పు పట్టాభిషేకం జరిగింది. అప్పుడాయన వయసు 38. దీన్ని కోరినవాళ్ళలో ముఖ్యుడు మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్. వ్యతిరేకించిన వాళ్ళూ తక్కువ లేరు. ఒక భారతీయుడి కింద ఇంగ్లీషువాళ్ళు పనిచేయడమేమిటని కొందరు, మన వాళ్ళ కింద మనం పనిచేయడమేమిటని మరికొందరు! రెండవ రకం వాళ్ళు ఇప్పటికీ మన ఆఫీసుల్లో, ఊళ్ళలో తగులుతూనే ఉంటారు.

ఎడింబరోలో అడిగినది ఇప్పుడు తానే ఇవ్వవలసి వచ్చింది. ఆయన దగ్గరికి వచ్చిన వాళ్ళలో అత్యధికులు మాల మాదిగలు. చదువు లేదు, భూమి లేదు, ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు – ఈ నాలుగింటినీ నాలుగు దయ్యాలుగా ఆయన చెప్పేవారు. అవి నలుగురికీ అర్థమయ్యే దయ్యాలు, వాటికి మంత్రగాడు అక్కరలేదు. పల్లె పల్లెకూ ఉపాధ్యాయుణ్ణి పెట్టడం, ఆ ఉపాధ్యాయుణ్ణి ఆ పల్లె జనంలోంచే తయారు చేయడం ఆయన పద్ధతి. శిక్షణకు వచ్చినవాళ్ళు చదువుతో పాటు చేతిపని కూడా చేయవలసిందే. చదువుకున్నవాడు మట్టి ముట్టుకోరాదన్న జబ్బు మనలో ఈనాటికీ పోలేదు గనుక ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

మొదట చిన్నదిగా ఉన్న డోర్నకల్ అధ్యక్ష మండలం తరువాత కృష్ణా జిల్లా దాకా పెరిగింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆయన పల్లెల్లోనే. ఎడింబరోకు పోయిన ఓడ ప్రయాణం వారాల్లో ముగిసింది. ఎడ్లబండి ప్రయాణం 30 ఏళ్ళు దాటి సాగింది. అజరయ్య చేసిన అసలు దూరప్రయాణం ఏదంటే నేను ఈ రెండవదే అంటాను.

నాలుగవ పాఠం – లొసాన్

1927 ఆగస్టులో స్విట్జర్లండులోని లొసాన్ పట్టణంలో క్రైస్తవ సంఘాల ఐక్యతను గురించి మహాసభ జరిగింది. ఐరోపాలో ఐక్యత అంటే పండితుల చర్చ. అజరయ్యకు అది పల్లెటూరి సమస్య. మీ దేశాల్లో చీలికలు బలహీనత కావచ్చు, మా దేశంలో అవి పాపం అనే అర్థం వచ్చేట్టు అక్కడ గట్టిగా చెప్పారు.

ఎందుకలా అన్నారో తెలియాలంటే మన ప్రాంతపు పటం ముందు పెట్టుకోవాలి. హనుమకొండలో 1879 నుంచి అమెరికన్ బాప్టిస్టులు, జనగామ వైపు కూడా వాళ్ళే. డోర్నకల్, మానుకోట ఆంగ్లికన్లు. మెదకు వైపు ఇంగ్లండు వెస్లియన్ మెథడిస్టులు. మిషన్ల వాళ్ళు ఒకరి పొలంలోకి ఒకరు రాకుండా గెట్లు పెట్టుకున్నారు. దానివల్ల తగాదాలు తగ్గిన మాట నిజమే. కానీ మానుకోట మాదిగవాడలో పుట్టినవాడు ఆంగ్లికన్, జనగామ మాదిగవాడలో పుట్టినవాడు బాప్టిస్టు ఎందుకయ్యారు? వాళ్ళు శాస్త్రచర్చ చేసి ఎంచుకున్నారా? లేదు. ఎవరి ఊరికి ఏ దేశం మిషనరీ ముందు వచ్చాడో దాన్ని బట్టి అయ్యారు. ఇంగ్లండులో, అమెరికాలో ఎప్పుడో జరిగిన కొట్లాటల పేర్లు ఇక్కడి కూలి మనిషి నెత్తి మీద పడ్డాయి. కులాల చీలికలు చాలవన్నట్టు కొత్త చీలికలు! అజరయ్య బాధ ఇదే.

దీనికి ముందే 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ సంఘాల భారతీయ గురువులను సమావేశపరచి, ఐక్యత కావాలని ప్రకటన చేయించిన వారిలో ఆయన ముఖ్యులు. లొసాన్ ఆ తరువాతి మెట్టు.

విమర్శలు కూడా చూడాలి

ఒకవైపే చూసి రాస్తే అది అధ్యయనం కాదు, భజన అవుతుంది. అజరయ్య పనిని తప్పుపట్టినవాళ్ళలో గాంధీజీ ఉన్నారు. విచిత్రమేమంటే 1932లో మతాల వారీ ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఇద్దరూ అన్నారు. క్రైస్తవులు వేరే గుంపుగా ఓటు వేయడం దేశానికి మంచిది కాదన్నది అజరయ్య వాదన. కానీ 1935 అక్టోబరులో డాక్టర్ అంబేద్కర్ యేవలాలో తాను హిందువుగా చనిపోనని ప్రకటించాక దళితుల మతమార్పిడి మీద పెద్ద దుమారం లేచింది. గుంపులుగా మతం మారడంలో ఆత్మవిచారణ ఉండదని, పేదల అవసరాన్ని వాడుకోవడమేనని గాంధీజీ విమర్శించారు. తమ మంచి చెడ్డలు తామే ఆలోచించుకునే తెలివి పేదవాడికి లేదనడం న్యాయమా అన్నది రెండో పక్షం ప్రశ్న.

ఈ తగవు తీర్చే శక్తి నాకు లేదు. ఒకటి మాత్రం మన కళ్ళ ముందు ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితునికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. మన రాష్ట్రంలో బి.సి.–సి కింద ఒక్క శాతం. మతం మారినందుకు ఊరు అతన్ని వేరుగా చూడడం మానిందా అంటే మానలేదు. సర్టిఫికెట్టు మారింది, వాడ మారలేదు. చర్చిలో సైతం కులం వెంట వచ్చిందని, దాన్ని అజరయ్య జీవితమంతా ఎదిరించినా పూర్తిగా పోగొట్టలేకపోయారని ఒప్పుకోవాలి.

చివరి మజిలీ

1938 డిసెంబరులో మరో ప్రపంచ మహాసభ. అది చైనాలో జరగవలసింది, జపాను దండయాత్ర వల్ల మద్రాసు పక్కనున్న తాంబరానికి మారింది. దాదాపు 70 దేశాల నుంచి 470 మంది వచ్చారు. అందులో సుమారు సగం మంది ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా వాళ్ళు. ఎడింబరో లెక్క గుర్తుందా? 1,200లో 20 కూడా లేని చోటు నుంచి 28 ఏళ్ళలో సగం దాకా! అప్పుడు ప్రపంచం దగ్గరికి అజరయ్య పోయారు, ఇప్పుడు ప్రపంచమే ఆయన దేశానికి వచ్చింది.

ఆ సభ ముగిసిన ఎనిమిది రోజులకు, 1939 జనవరి 6న, డోర్నకల్ కథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. చూడని మిత్రులు ఒకసారి వెళ్ళి చూడండి. స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుకు తెస్తాయి, రాతిలో పద్మాలు పూస్తాయి. గుమ్మటాలు, మినార్లు మసీదును తలపిస్తాయి. ఇంగ్లండును చూసి వచ్చిన మనిషి ఇంగ్లండు కోసు గోపురాన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టలేదు. నిజాం రాజ్యంలో తెలుగు గడ్డ మీద కట్టే కట్టడం ఈ గడ్డలాగే ఉండాలనుకున్నారు. లోకం తిరిగినవాడికే తన ఊరి రాయి విలువ బాగా తెలుస్తుందేమో!

1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. కోరుకున్న ఐక్యత కళ్ళారా చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ఇతర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి 43 రోజులు. బాప్టిస్టులు కలవలేదు గనుక మానుకోట, జనగామల మధ్య ఆ పాత గెటు ఇప్పటికీ ఉంది. పని సగమే అయింది, సగం మిగిలింది.

మనకేమిటి?

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. మేమప్పుడు బడి పిల్లలం. జిల్లాలు వేరైనా ఈ మూడు చోట్ల నుంచి వచ్చిన పిల్లలు మన కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. పత్తి చేను ఇంటి నుంచి ఒకడు, బొగ్గుబాయి క్వార్టర్ల నుంచి ఒకడు, తండా నుంచి ఒకతె. ప్రయోగశాలలో ఒకే సూక్ష్మదర్శినిలో చూస్తున్నాం. కానీ మధ్యాహ్నం టిఫిను డబ్బాలు విప్పినప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో మీరే గమనించండి.

పోయిన ఏడు మన ఎన్.ఎస్.ఎస్. శిబిరం ఒక పల్లెలో ఏడు రోజులు జరిగింది. మోరీలు తీశాం, మొక్కలు నాటాం, పరిశుభ్రత మీద ఉపన్యాసాలు ఇచ్చాం. ఆఖరి రోజు ఫోటోలు దిగుతుంటే ఒక ముసలమ్మ వచ్చి “మల్ల ఎప్పుడొస్తరు బిడ్డా?” అని అడిగింది. ఆమె మోరీల గురించి అడగలేదు. స్కాట్లండులో 1,200 మంది ముందు అజరయ్య అడిగిన మాటను ఆ పల్లెలో ఆమె తన మాటల్లో అడిగింది. సేవ చేసి పోయేవాళ్ళు ఎందరో వస్తారు. తిరిగి వచ్చేవాళ్ళు కావాలి. సేవకు ఏడు రోజులు చాలు, స్నేహానికి చాలవు.

మనలో కొందరు రేపు అమెరికా పోతారు, జర్మనీ పోతారు, కనీసం హైదరాబాదు పోతారు. పోవలసిందే. బావిలో కప్పలాగా ఉండమని ఎవరూ చెప్పరు. కానీ అజరయ్య జాఫ్నా నుంచి సొంత కాళ్ళ మీద నిలబడడం తెచ్చారు, టోక్యో నుంచి ధైర్యం తెచ్చారు. ఎడింబరోలో స్నేహం అడిగి, దాన్ని డోర్నకల్ పల్లెల్లో పంచారు. మనం ఏం తెస్తాం? తెచ్చినదాన్ని ఎవరి వాకిట్లో దింపుతాం?

విద్యార్థి మిత్రులారా, ఈ సారి డోర్నకల్‌లో బండి ఆగినప్పుడు చాయ్ తాగి ఊరుకోకుండా ఒక పూట దిగండి. ఒక్కరే కాదు, ఎన్నడూ మీ డబ్బాలోంచి ముద్ద తినని తోటి విద్యార్థి నొకరిని వెంట తీసుకుని దిగండి.